సూపర్ కారు - లక్షణ విచారము



నేటి ప్రసంగవిషయము వినగానే మీలో కొందఱకు నవ్వు రావచ్చును. ఛందస్సును గూర్చియో, శాసనములను గూర్చియో ముచ్చటింపవలసిన పాతకాలపు బడిపంతులు సూపర్ కారును గూర్చి చెప్పబూనుట యేమని మీరనుకొనవచ్చును. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో సాయంకాలము టీ దుకాణముల ముందు నిలిచి యువకుల మాటలు చెవిని వేసికొన్నవారికి ఈ నవ్వు రాదు. అచ్చట దినదినము ఒక వాదము జరుగుచుండును. లాటరీ తగిలినచో ఏ కారు కొందువని ఒకడు అడుగును. ఒకడు ఫెరారీ యనును. ఒకడు లాంబోర్గిని యనును. మూడవవాడు రోల్స్ రాయిస్ అనగానే తక్కినవారందఱును వానిపై బడి, అది పెద్ద కారే గాని సూపర్ కారు కాదని త్రోసివేయుదురు. ఏల కాదని వాడడిగినచో ఒక్కొక్కడు ఒక్కొక్క కారణము చెప్పును. ఆ కారణములు ఒకదానితో నొకటి పొసగవు.

ఇది యథార్థముగా లక్షణవివాదము. తర్కము చదువబోవు పిల్లలకు గోవును చూపి మొదట నేర్పు పాఠమొకటి కలదు. గోవనగా కపిలవర్ణము కలది యన్నచో తెల్లావు విడిపోవును, అది అవ్యాప్తి. కొమ్ములు కలది యన్నచో గేదెయు వచ్చి చేరును, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది యన్నచో లోకమున ఒక్క గోవును దొరకదు, అది అసంభవము. ఈ మూడు దోషములును లేని లక్షణమును సూపర్ కారునకు చెప్పగలమా, చెప్పగలిగినచో దానినిబట్టి ఏ కారును కోరుకొనవలయును అనునది నేటి విచారము. అంతకు ముందు మన పెద్దలు వాహనములను ఏ కొలతతో ఎంచిరో కొంత చూడవలసి యున్నది.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున రథాధ్యక్షుని విధులను చెప్పుచు రథములను ఆఱు తెగలుగా విభజించెను. దేవతల యూరేగింపునకు దేవరథము, శుభకార్యములకు పుష్యరథము, యుద్ధమునకు సాంగ్రామికము, ప్రయాణమునకు పారియాణికము, శత్రుదుర్గముపై నడచుటకు పరపురాభియానికము, అభ్యాసమునకు వైనయికము. ఈ విభాగమున గమనింపదగిన దేమనగా, ఆయన వేగమును బట్టి గాని వెలను బట్టి గాని రథములను విడదీయలేదు. ఏ పనికి కట్టినదో ఆ పనిని బట్టి పేరు పెట్టెను. ధర్మపురిలో నరసింహస్వామి రథోత్సవమున కదలు రథము వేగముగ పోలేదని ఎవడును దానిని తక్కువ చేయడు. దాని పని అది కాదు.

మహాభారతమున కొలత మాఱినది. ఉద్యోగపర్వమున యుద్ధమునకు ముందు దుర్యోధనుడు ఇరుపక్షముల బలమును చెప్పుమనగా, భీష్ముడు వరుసగా వీడు రథుడు, వీడు అతిరథుడు అని లెక్కింపసాగెను. పదివేలమంది విలుకాండ్రతో ఒంటరిగా పోరగలవాడు మహారథుడని పండితులు చెప్పుదురు. ఇచ్చట పేరు రథమునకు సంబంధించినదే గాని, కొలిచినది బండిని కాదు, అందున్న మనుష్యుని. ఇట్లు లెక్కించుచు వచ్చి భీష్ముడు కర్ణుని అర్ధరథుడనెను. సహజకవచకుండలములు పోయినవి, పరశురాముని శాపము కలదు, ఏమఱుపాటు కలవాడు, కావున వీడు సగమే యని ఆయన తీర్పు. కర్ణుడు మండిపడి, భీష్ముడు పడువఱకు తాను ఆయుధము పట్టనని కూర్చుండెను. పదిదినములు కౌరవసేన కర్ణుడు లేకయే పోరవలసి వచ్చినది. ఎవడు ఏ తరగతివాడను వాదమునకు ఇంత వెల చెల్లించిన రాజు దుర్యోధనుడొక్కడే యేమో! టీ దుకాణమున జరుగు వాదములలో అంతటి నష్టము లేదు.

ఇక కోరికల వాహనమనగా మనకు పుష్పకము. విశ్వకర్మ నిర్మించినది, కుబేరునిది, రావణుడు బలిమిని తీసికొన్నది, రాముడు అయోధ్యకు వచ్చి తిరిగి కుబేరునికి పంపివేసినది. ఎందఱు ఎక్కినను ఇంకొకరికి చోటుండునని మన పెద్దలు చెప్పుదురు. ఈ గుణము ఒక్కటియే నేటి సూపర్ కారునకు పూర్తిగా విరుద్ధము. అందు ఇద్దఱు కూర్చుండుటయే కష్టము.

మన తెలంగాణమున మోటారు కారు తొలుత రాజుల వాహనముగా కనబడినది. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండునందలి రోల్స్ రాయిస్ వారికి సిల్వర్ ఘోస్ట్ అను కారును ఆజ్ఞాపించెను. దానికి పైకట్టడము లండనులోని బార్కర్ అను బండ్ల తయారీదారులు చేసిరి. ఆయన 1911 ఆగస్టు 29న మరణించెను. కారు ఆ పిమ్మట వచ్చి, ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలోనికి చేరినది. పసుపుపచ్చని కారు. వెనుకభాగమున రాజాసనము ముందున్నవారందఱి కంటెను ఎత్తుగా అమర్చబడినది. పైకప్పు గుమ్మటమువలె నుండును. కౌటిల్యుని మాటలో చెప్పవలెనన్న అచ్చమైన పుష్యరథము. కొలువులకును ఉత్సవములకును తప్ప దానిని నడుపలేదు. దశాబ్దములు గడచినను అది తిరిగిన దూరము నాలుగువందల మైళ్లు మించలేదని చెప్పుదురు. కరీంనగరమునుండి హైదరాబాదునకు రెండుసార్లు పోయి వచ్చిన ఆర్టీసీ బస్సు అంతకంటె నెక్కువ తిరిగియుండును. ఆ ఉస్మాన్ అలీ ఖానునే 1937లో అమెరికా పత్రిక టైమ్ తన ముఖపత్రముపై వేసి లోకమున కెల్ల ధనవంతునిగా ప్రకటించినది. అంతటివాడు తన నిత్యావసరములకు సామాన్యమైన పాత కారునే వాడెనని ప్రసిద్ధి.

సామాన్యులకు మోటారు బండి యనునది బస్సు రూపమున వచ్చినది. 1932 జూన్ 15న నిజాము రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో ఆరంభమైనది. నిజాము తల్లి జహ్రా బేగము పేరిట బస్సుల నంబర్లలో జెడ్ అను అక్షరమును చేర్చిరని హైదరాబాదు వారు నేటికిని ముచ్చటగా చెప్పుకొందురు. ఆ శాఖయే క్రమముగా మాఱి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయినది. మా ప్రాంతమునకు బస్సే రథము, బస్సే పుష్పకము. రైలు మాకు ఆలస్యముగా వచ్చినది. పెద్దపల్లి నుండి కరీంనగరము, జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు వఱకు గల రైలుమార్గము పూర్తియగుటకు 2017వ సంవత్సరము రావలసి వచ్చినది. సిరిసిల్ల వైపు వేయదలచిన మార్గము 2023లో సిద్దిపేట వఱకు చేరినది. కావున సిరిసిల్ల నేతగాడు భివండికి పోయినను, కోరుట్ల కూలి బొంబాయి పోయినను బస్సుననే పోయెను. మా బాల్యమున కారనగా అంబాసిడరు, లేదా ఫియట్. డాక్టరుగారి యింటి ముందో, తహసీల్దారు కచేరి ముందో నిలిచియుండునది. 1983 డిసెంబరులో మారుతి వచ్చువఱకు సామాన్యుని కలలోనికి కారు రాలేదు. వచ్చినను దానిలో సూపర్ అను విశేషణమునకు చోటు లేదు.

ఆ విశేషణము ఎచ్చట పుట్టినది? 1920లోనే లండను పత్రికలో ఎన్‌సైన్ అను కారును గూర్చిన ప్రకటనయందు ఈ పదము కనబడినది. కాని అది రూఢియైనది 1966లో, ఇటలీ దేశపు లాంబోర్గిని మియూరా వచ్చిన పిమ్మట. ఎల్.జె.కె. సెట్‌రైట్ అను ఆంగ్ల రచయిత ఆ కారును గూర్చి వ్రాయుచు ఈ పదమును వ్యాప్తి చేసెనని ప్రతీతి. లక్ష్యము ముందు పుట్టి లక్షణము పిదప వెదకబడుట మన వ్యాకరణమునకును క్రొత్త గాదు. అందువలననే ఈ చిక్కు వచ్చినది.

ఇప్పుడు లక్షణములను ఒక్కొక్కటిగా పరీక్షింతము. మొదటి పక్షము వేగము. మియూరా గంటకు సుమారు 270 కిలోమీటర్లు పోగలిగినది. నాటికి అది అద్భుతము. బుగాట్టి వేరోన్ 2005లో 400 కిలోమీటర్లు దాటినది. ఈ కొలతయే ప్రమాణమైనచో క్రొత్త కారు వచ్చినప్పుడెల్ల పాత కారు ఆ పదవిని పోగొట్టుకొనవలసి వచ్చును. సూపర్ కారులకు ఆదియైన మియూరాయే వెలియగును. మఱియొకవైపు 2021లో టెస్లావారు తెచ్చిన మాడల్ ఎస్ ప్లాయిడ్ అను నాలుగు తలుపుల విద్యుత్తు కారు నిలిచిన చోటినుండి గంటకు 60 మైళ్ల వేగమును దాదాపు రెండు సెకండ్లలో అందుకొనును. పిల్లలను బడికి దింపివచ్చుటకు పనికివచ్చు కారది. దానిని సూపర్ కారు అనుటకు వేగవాదులే ఒప్పుకొనరు. కావున వేగలక్షణమునకు అవ్యాప్తియు కలదు, అతివ్యాప్తియు కలదు.

వేగముతోపాటు హార్స్‌పవరు లెక్కయు చెప్పుదురు. ఈ మాటను మా రైతులకు ఎవరును వివరింపనక్కఱలేదు. ఆవిరియంత్రము ఎన్ని గుఱ్ఱముల పనిచేయునో చెప్పి అమ్ముకొనుటకు జేమ్స్ వాట్ ఈ లెక్కను ప్రచారమునకు తెచ్చెను; జగిత్యాల రైతు బావి మోటారును కొనుటకు అదే లెక్కను వాడుచున్నాడు. బావికి 5 హెచ్.పి. మోటారు మామూలు. మియూరా ఇంజను శక్తి సుమారు 350 హెచ్.పి.; అనగా డెబ్బది బావుల మోటార్లు ఒక్క బండిలో కూర్చున్నట్లు. బుగాట్టి వేరోనులో రెండువందల బావులు. ఒక ఊరి ఆయకట్టునంతయు తడుపగల బలము ఇద్దఱు మనుష్యులను మోయుటకు! ఈ లెక్క వినగానే ఒక రైతు నాతో, అంత కరెంటు మాకిచ్చిన రెండు పంటలు తీయుదుము గదా యనెను. అది లక్షణ పరీక్ష కాదు గాని, వినదగిన మాట.

వెలయే లక్షణమన్నచో నిజాము రోల్స్ రాయిస్ కూడ వచ్చి చేరును. అది విలువైనది, గొప్పది. కాని దానిని సూపర్ కారు అన్నవాడెవడును లేడు. అరుదుగా నుండుట లక్షణమన్నచో నిజాము కారు వంటిది లోకమున నొక్కటియే. మఱి లాంబోర్గిని హురాకాన్ 2014 నుండి 2024 వఱకు ఇరువదివేలకు పైగా తయారైనది. ఇంజను నడుపువాని వెనుక, బండి నడుమ నుండవలెనని కొందఱు సాంకేతికముగా చెప్పుదురు. ఇది పండితులు చెప్పు లక్షణమువలె మొదట గంభీరముగా కనబడును. కాని 1954నాటి మెర్సిడెస్ 300 ఎస్.ఎల్., 1968నాటి ఫెరారీ డేటోనా - వీనికి ఇంజను ముందున్నది. 1986నాటి పోర్షె 959కు తుదకు వెనుక చక్రములకును ఆవల నున్నది. వీనిని వదలుకొనుటకు ఎవడును సిద్ధపడడు. పైగా ఇంజను వెనుకనుండుటయే గొప్ప యైనచో జగిత్యాల బస్టాండు ముందు నిలిచిన ఆటోరిక్షాలన్నియు ఆ కుటుంబములోనివే.

ఇచ్చట నాకు దారి చూపినది ఇటలీ కాదు, సిరిసిల్ల. అగ్గిపెట్టెలో పట్టునట్టి చీరను చేనేత మగ్గముపై నేసిన నేతగాడు సిరిసిల్లలో నుండెనని మీలో చాలమంది ఎఱుగుదురు. ఆ చీర ఎందులకు? కట్టుకొనుటకు చీర కావలెనన్న సిరిసిల్ల మరమగ్గములు దినమునకు వేలకొలది గజముల బట్ట నేయుచున్నవి. 2017 నుండి కొన్ని యేండ్లు బతుకమ్మ చీరలు లక్షలకొలది అచ్చటనే తయారైనవి. అగ్గిపెట్టె చీరను ఎవరును అడుగలేదు. అంగడిలో దానికి గిరాకి లేదు. నూలు ఎంత సన్ననిది కాగలదు, చేయి ఎంతవఱకు పోగలదు అను ప్రశ్నకు నేతగాడు ఇచ్చుకొన్న జవాబది. అయినను అది బొమ్మ కాదు, చీరయే. కొలతలు చీర కొలతలే. అవసరము ముగిసిన తావునుండి కౌశలము ఒంటరిగా నడచిపోయిన దూరమును ఆ చీర చూపును. సూపర్ కారు లక్షణములో మొదటి భాగము ఇదియే యని నా నిశ్చయము.

మియూరా పుట్టుక ఈ మాటకు సాక్ష్యము. ఫెరూచ్చో లాంబోర్గిని ద్రాక్షతోటలు పండించు రైతుకుటుంబమున 1916లో పుట్టెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప మిగిలిపోయిన సైనిక యంత్రభాగములను కొని, 1948లో ట్రాక్టర్ల వ్యాపారము పెట్టెను. అందు ధనము గడించి 1963లో కార్ల కర్మాగారము స్థాపించెను. ఆయన కోరినది సుఖముగా దూరప్రయాణము చేయదగిన కార్లు, అనగా పారియాణికములు. పందెములపై ఆయనకు మోజు లేదు. కాని ఆయన కొలువులో దల్లారా, స్తాంజానీ, వాలెస్ అను ముగ్గురు యువకులు పనివేళలు ముగిసిన పిమ్మట కూర్చుండి, ఇంజనును అడ్డముగా త్రిప్పి నడుపువాని వీపు వెనుక నిలిపిన ఒక చట్రమును కల్పించిరి. యజమాని దానిని వలదనలేదు. 1965లో ట్యూరిన్ ప్రదర్శనలో పైకట్టడము లేని ఆ వట్టి చట్రమునే నిలిపిరి. చూచినవారు కొనుటకు సిద్ధపడిరి. బెర్తోనె సంస్థలోని గాందీని యను మఱియొక యువకుడు దానికి రూపము కల్పించెను. 1966 మార్చిలో జెనీవాలో కారు కనబడునాటికి ఈ నలుగురిలో ఎవరికిని ముప్పదియేండ్లు నిండలేదు. అడుగని పనిని రాత్రులు కూర్చుండి చేసిన పనివారి కథ యిది. సిరిసిల్ల మగ్గమునకు ఇది దగ్గఱి చుట్టము.

మియూరా యనునది స్పెయిను దేశమున పోరుటెద్దులను పెంచువాని పేరు. లాంబోర్గినివారి ముద్రయు ఎద్దే. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు చెల్లించుకొను మా జిల్లాలవారికి ఎద్దును శక్తికి గుర్తుగా నిలుపుట కొత్త కాదు. అయితే రాజన్న కోడె గుడిచుట్టు తిరుగునప్పుడు దాని వేగమును ఎవడును కొలువడు.

ఇంతమాత్రమున లక్షణము పూర్తికాలేదు. కౌశలమే చాలునన్న పందెపు కార్లు కూడ వచ్చి చేరును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల పందెము జరిగినది. అందు పరుగెత్తిన బండ్లు కౌశలమున ఎవరికిని తీసిపోవు. కాని వానికి మామూలు రోడ్డుపైకి వచ్చు హక్కు లేదు. కావున నంబరు పలక తగిలించుకొని, ఎఱ్ఱదీపము కడ మనతోపాటు ఆగవలసిన బండియై యుండవలెను అనునది రెండవ భాగము. అగ్గిపెట్టె చీర చీరగానే మిగిలినట్లు ఇదియు కారుగానే మిగులవలెను.

మూడవ భాగమును మెక్‌లారెన్ ఎఫ్1 అను కారు నేర్పును. 1992లో ప్రకటింపబడి 1998 వఱకు మొత్తము 106 మాత్రమే తయారైనది. గోర్డన్ మఱ్ఱీ దానిని రూపొందించెను. అది 1998లో గంటకు 240 మైళ్లు, అనగా 386 కిలోమీటర్లు పోయి చూపినది. ఇంజను గదికి లోపల బంగారు రేకు పొదిగిరి. రాజుల వాహనములలో బంగారము చూచువారి కన్నులకొఱకు. ఇచ్చట ఎవరికిని కనబడని చోట, ఇంజను వేడిమిని వెనుకకు కొట్టుటకు. అంతకంటె వింత ఆసనముల యమరిక. నడుపువాని పీట సరిగా నడుమ నుండును. తోడివా రిద్దఱు అటునిటు కొంచెము వెనుకగా కూర్చుందురు. ఇప్పుడు నిజాము కారును తలచుకొనుడు. అందు ఎత్తైన పీట వెనుకనున్నది. ముందు కూర్చుండి నడుపువాడు సేవకుడు. రెండును ఉత్తమ వాహనములే. కాని ఒకదానిలో సింహాసనము వెనుక. రెండవదానిలో సింహాసనము స్టీరింగు కడనే.

మన ఇతిహాసములలో రథి వేఱు, సారథి వేఱు. అర్జునునకు కృష్ణుడు, ఇంద్రునకు మాతలి, కర్ణునకు శల్యుడు. నిజాము కారును, మంత్రుల కార్లును, రోల్స్ రాయిస్ అంతయు ఆ సంప్రదాయములోనివే. సూపర్ కారులో ఈ భేదము చెఱిపివేయబడినది, రథియే సారథి. కొన్నవాడు తానే నడుపనిచో ఆ కారునకు అర్థము లేదు. దీనితో లక్షణము ముగిసినది: రాజమార్గమున తిరుగ హక్కు గలదై, అవసరమును దాటిన కౌశలముతో కట్టబడి, రథియే సారథియగు కారు సూపర్ కారు. ప్లాయిడ్ మొదటి షరతున తప్పిపోవును, అది అవసరము చుట్టు కట్టిన కారు గనుక. నిజాము కారు మూడవదానిలో తప్పిపోవును. మియూరా, డేటోనా, పోర్షె 959, ఎఫ్1 - అన్నియు నిలుచును.

ఈ నిర్ణయమును దుబాయి నుండి సెలవుపై వచ్చిన నా పూర్వవిద్యార్థి యొకనికి వినిపించితిని. వాడచ్చట ఒక యరబ్బు కుటుంబమున ఇంటి డ్రైవరు. 1973లో చమురు ధర లేచినది మొదలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పల్లెలనుండి ఎడారి దేశములకు కూలికి పోనివారున్న వాడ అరుదు. కట్టడపు పని, తోటపని, ఒంటెల కాపరి పని. అదృష్టము కలిగినచో డ్రైవరు పని. దుబాయి పోలీసులే 2013 నుండి లాంబోర్గినిలో తిరుగు ఊరది. మన పిల్లలు చూచినన్ని సూపర్ కార్లను ఇటలీ పిల్లలైనను చూచియుండరు. వాడు నా మూడవ షరతును విని కొంతసేపు మాటలాడలేదు. పిదప చెప్పెను: సేఠు ఇంట నాలుగు కార్లు కలవు; మూడింటి తాళపుచెవులు నాయొద్ద నుండును; నాలుగవది లాంబోర్గిని, దానిని తుడుచుట మాత్రమే నాపని, సేఠు కొడుకు తప్ప వేఱెవరును నడుపరు. మీరు చెప్పినది నిజమే సార్, ఆ కారులో నాకు కొలువు లేదు, అనెను.

నేను తర్కముగా కట్టిన లక్షణమును వాడు జీతముగా ఎఱుగును. రథి సారథి యొక్కడే యైనచో సారథి బ్రతుకు ఏమగును అను ప్రశ్న భారతమున రాలేదు. శల్యునికి రాజ్యముండెను, కృష్ణునికి ద్వారక యుండెను. మా పిల్లలకు నెలజీతమును, వీసా గడువును మాత్రమే కలవు. అయినను నీకు నచ్చిన కారేది యని అడిగినచో వాడు ఆ తుడుచు కారునే చెప్పెను. దాని తలుపుల సందులలో ఇసుక ఎచ్చట చేరునో, ఏ గుడ్డతో తుడిచిన గీత పడదో యజమానికంటె వానికే బాగుగా తెలియును. ఏ పత్రికలోను చదువనంత శ్రద్ధగా వాడా కారును వర్ణించెను.

ఇక నా యెన్నిక. నేను మియూరాను కోరుకొందును. యువకులు దీనిని ఒప్పుకొనలేదు. దాని ఇంధనపు తొట్టి ముందుభాగమున నున్నది. పెట్రోలు తఱిగినకొలది ముందు తేలికయై, అధికవేగమున ముందుచక్రములు నేలను సరిగా పట్టవు. ఇది నిజమే. ఇంజనునకును గేరుపెట్టెకును చాలకాలము ఒక్కటే నూనె. ఇదియు నిజమే. కోరుట్లనుండి జగిత్యాల సుమారు 25 కిలోమీటర్లు; మియూరా తన పూర్ణవేగమున అయిదున్నర నిమిషములలో చేరవలెను. కాని కోతల కాలమున ఆ జాతీయ రహదారిపై సగము మేర వడ్లును, మక్కలును ఆరబోసి యుండును. ఊరూర స్పీడు బ్రేకరు. ఆ కారు పొట్ట అందు తగులును. అయిదున్నర నిమిషముల మాట కాగితముపైనే.

మా త్రోవలను గూర్చి మాటలాడునప్పుడు వేగమును నవ్వులాటకు చెప్పుట నాకు ఇష్టము లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డుపై నూఱుమందికి పైగా ఎక్కిన బస్సు లోయలో పడి, అరువదిమందికి పైగా మరణించిరి. వారిలో చాలమంది చుట్టుపట్ల పల్లెల స్త్రీలు, వృద్ధులు. పుష్పకములో వలె ఎప్పుడును ఇంకొకరికి చోటుండుననుకొను బండి మాకు బస్సే. సూపర్ కారు వాదమున అశ్వశక్తిని లెక్కించు పిల్లలకు నేను తఱచు బ్రేకులను గూర్చి అడుగుచుందును. మంచి కారును కట్టువాడు పరుగుకంటె ముందు ఆగుటను గూర్చి ఆలోచించును. వారిలో కొందఱకు ఆ సంగతి తెలిసియే యున్నది, తెలియనివారు తెలిసికొనుచున్నారు.

మియూరాపై నా మక్కువకు కారణము దాని యందము కొంత, ట్రాక్టరు కొంత. దుక్కి యంత్రము చేసినవాని ముంగిట, పనివేళ దాటిన పిదప పుట్టిన బండి యది. మా వాదములో నన్ను ఎదిరించినవాడు బాటిస్టా యను విద్యుత్తు కారును ఎన్నుకొనెను. దానిని 2019లో జెనీవాలో చూపిరి. నాలుగు మోటార్లు, 1900 హెచ్.పి., నూఱు కిలోమీటర్ల వేగము రెండు సెకండ్లలోపల. ఇంజను చప్పుడు లేనిది సూపర్ కారెట్లగునని తక్కినవారు ఎగతాళి చేసిరి. చప్పుడు నా లక్షణములో లేదు గనుక నేను వాని పక్షమే పలికితిని. ఆ కారు పేరు పినిన్‌ఫరీనా వారిది. ఆ ఇటలీ సంస్థను కొన్నవారు మహీంద్రావారు. జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారము గలవారు. మా పొలములలో దున్నుచున్న ఎఱ్ఱ ట్రాక్టర్లు వారివే. అంతదూరము తిరిగి వచ్చినను ఇద్దఱమును మరల ట్రాక్టరు కడకే చేరితిమి. వాడు బాటిస్టాను విడువలేదు. నేను మియూరాను విడువలేదు. చీకటి పడినది, టీ దుకాణము మూసివేసిరి.